నోరా రాసిన ప్రోనోటు: ఇబ్సెన్ నాటకాలు దేశాలు దాటిన కథ

హెన్రిక్ ఇబ్సెన్ 'బొమ్మరిల్లు' నాటకం రెండు తేదీల మధ్య తేడా మీద నిలబడింది. నోరా అనే గృహిణి జబ్బుపడిన భర్త హెల్మర్‌ను ఇటలీ తీసుకెళ్ళి బతికించుకోవడానికి క్రోగ్‌స్టాడ్ అనే లాయరు దగ్గర రహస్యంగా అప్పు చేసింది. అసలు పన్నెండు వందల స్పెసిడేలర్లు, అంటే 4,800 క్రోనర్లు. భర్త అనుమతి లేకుండా భార్య అప్పు చేయడానికి ఆనాటి చట్టం ఒప్పుకోదు. అందుకే ప్రోనోటుకు ఆమె తండ్రి హామీ సంతకం కావలసివచ్చింది. తండ్రి సెప్టెంబరు 29న చనిపోయాడు. పత్రం మీద ఆయన సంతకం పక్కన ఉన్న తేదీ అక్టోబరు 2. పోయిన మనిషి మూడు రోజుల తర్వాత సంతకం ఎలా చేశాడని క్రోగ్‌స్టాడ్ అడుగుతాడు. నోరా కాసేపు మాట్లాడదు. తర్వాత తలెత్తి, ఆ సంతకం పెట్టింది తానేనని ఒప్పుకుంటుంది. చావుబతుకుల్లో ఉన్న తండ్రిని కలవరపెట్టకుండా, భర్త ప్రాణం నిలబెట్టుకోవడానికి చేసిన పనిని నేరమనే చట్టం మంచి చట్టం కాదని వాదిస్తుంది.

ఈ నాటకం 1879లో వచ్చింది. అప్పటికి నార్వే జనాభా ఇరవై లక్షల లోపే. దేశం స్వీడన్ రాజు ఏలుబడిలో ఉంది. పేరున్న నార్వే రచయితల పుస్తకాలు డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో అచ్చయ్యేవి. అంత చిన్న దేశపు నాటకాలు లండన్, టోక్యో, బీజింగ్, కలకత్తా, టెహరాన్‌లలో అక్కడి వాళ్ళ సొంత గొడవలుగా ఎలా మారాయి? షేక్‌స్పియర్ తర్వాత ప్రపంచంలో ఎక్కువగా ఆడే నాటకాలు ఇబ్సెన్‌వేనని తరచూ అంటుంటారు. షేక్‌స్పియర్ వెనుక ఒక సామ్రాజ్యం ఉంది, దాని బళ్ళూ పరీక్షలూ ఉన్నాయి. ఇబ్సెన్‌కు ఆ దన్ను లేదు. అందుకే ఆయన నాటకాల ప్రయాణాన్ని విడిగా పరిశీలించాలి.

మనిషి స్వభావం ఎక్కడైనా ఒకటే కాబట్టి గొప్ప రచన ఎక్కడైనా నిలుస్తుందన్నది సాధారణంగా వినిపించే జవాబు. అందులో నిజం ఉంది గానీ అది చాలదు. గొప్పవాళ్ళందరికీ సరిపోయే మాట ఏ ఒక్కరి ప్రత్యేకతనూ వివరించదు. ఇబ్సెన్ ప్రత్యేకత మరోచోట ఉంది. ఎవరు, ఎంత, ఏ తేదీన, ఏ చట్టం కింద అన్న వివరాలతో ఆయన సమస్యను దస్తావేజులా పక్కాగా రాశాడు. తీర్పు మాత్రం రాయలేదు. ఆ పని ప్రతి సమాజమూ తన చట్టాలను, తన ఇళ్ళను, తన డబ్బు లెక్కలను ముందు పెట్టుకుని చేసుకోవలసివచ్చింది. ఇబ్సెన్ ఆదరణ చరిత్ర ఆ తీర్పుల చరిత్రే.

అప్పుల నీడలో పెరిగిన రచయిత

ఇబ్సెన్ 1828 మార్చి 20న స్కీయెన్ అనే రేవు పట్టణంలో పుట్టాడు. తండ్రి క్నూడ్ ఊళ్ళో పేరున్న వర్తకుడు. పిల్లవాడికి ఏడెనిమిదేళ్ళు వచ్చేసరికి వ్యాపారం దెబ్బతిని, ఆస్తులు పోయి, కుటుంబం ఊరి బయట పొలంలో ఉన్న ఇంటికి చేరింది. పదిహేనేళ్ళకు హెన్రిక్‌ను గ్రిమ్‌స్టాడ్‌లోని ఒక మందుల దుకాణంలో పనికి పెట్టారు. పద్దెనిమిదేళ్ళకు ఆ ఇంటి పనిమనిషి ద్వారా ఒక కొడుకు పుట్టాడు. ఆ బిడ్డ పోషణకు ఏళ్ళ తరబడి డబ్బు కట్టాడు. అప్పు, పరువు, రహస్యం అనే మూడూ ఆయనకు పుస్తకాల్లో కంటే ముందు జీవితంలోనే ఎదురయ్యాయి.

1851లో బెర్గెన్ నాటకశాలలో ఉద్యోగం దొరికింది. అక్కడ ఆరేళ్ళు, ఆ తర్వాత రాజధాని క్రిస్టియానియాలో, అంటే నేటి ఓస్లోలో, మరో ఐదేళ్ళు పనిచేశాడు. అప్పట్లో యూరప్ వేదికలను ఏలుతున్న స్క్రైబ్ వంటి ఫ్రెంచి రచయితల నాటకాలను దగ్గరుండి ఆడించాడు. దాచిన ఉత్తరం, సరిగ్గా సమయానికి తట్టిన తలుపు, ఆఖరి అంకంలో బయటపడే గుట్టు వంటి పనిముట్లన్నీ అక్కడే చేతికొచ్చాయి. 1862లో క్రిస్టియానియా నాటకశాల దివాలా తీసింది. 1864లో ఆయన దేశం విడిచి వెళ్ళాడు. రోమ్, డ్రెస్డెన్, మ్యూనిక్‌లలో 27 ఏళ్ళు గడిపి 1891లో తిరిగొచ్చాడు. లోకం నెత్తిన పెట్టుకున్న నాటకాల్లో చాలావాటిని పరాయి దేశంలో కూర్చుని స్వదేశం గురించి రాశాడు.

'బ్రాండ్' (1866), 'పీర్ గింట్' (1867) పద్య నాటకాలు. 1877లో వచ్చిన 'సమాజ స్తంభాలు' నుంచి ఆయన మధ్యతరగతి ఇంటి ముందు గదిలోకి వచ్చాడు. అక్కడ తిరిగేవాళ్ళు బ్యాంకు మేనేజరు, లాయరు, డాక్టరు, పత్రికా సంపాదకుడు, పురపాలక అధికారి. ఆ తర్వాతి యాభై ఏళ్ళలో ప్రపంచంలోని ప్రతి ఆధునిక నగరమూ ఈ మనుషులను తయారుచేసుకుంది. టోక్యోకూ కలకత్తాకూ ఇబ్సెన్ చేరేసరికి అక్కడ హెల్మర్‌లూ క్రోగ్‌స్టాడ్‌లూ అప్పటికే ఉద్యోగాలు చేస్తున్నారు.

అసలు ప్రోనోటు ఎవరిది?

నోరా కథకు ఒక సజీవ మూలం ఉంది. లారా కీలర్ ఇబ్సెన్ కుటుంబానికి తెలిసిన యువ రచయిత్రి. క్షయతో బాధపడుతున్న భర్తను దక్షిణాదికి తీసుకెళ్ళడానికి ఆమె గుట్టుగా అప్పు చేసింది. తీర్చలేక ఫోర్జరీకి దిగింది. భర్తకు అంతా చెప్పేయమని ఇబ్సెన్ సలహా ఇచ్చాడు. సంగతి బయటపడ్డాక భర్త ఆమెను పిల్లలకు దూరం చేశాడు. కొంతకాలం ఆమె మానసిక వైద్యశాలలో ఉండవలసివచ్చింది. తన బాధ నాటకమై ఊరూరా తిరగడం ఆమెకు జీవితాంతం మానని గాయమైంది. ఇబ్సెన్ గొప్పతనం గురించి మాట్లాడేటప్పుడు ఆమె చెల్లించిన ఈ మూల్యాన్ని కూడా చెప్పడం న్యాయం.

1879 వేసవిలో ఇటలీలోని అమాల్ఫీలో నాటకంలో ఎక్కువ భాగం తయారైంది. డిసెంబరు 4న కోపెన్‌హాగెన్‌లోని గిల్డెండాల్ సంస్థ 8,000 ప్రతులు వేసింది. నెల తిరక్కుండానే అవి అయిపోయాయి. డిసెంబరు 21న అదే నగరంలో రాయల్ థియేటర్ వారు బెట్టీ హెనింగ్స్ నోరాగా తొలి ప్రదర్శన ఇచ్చారు.

ఆఖరి అంకంలో ఇబ్సెన్ పనితనాన్ని దగ్గరగా చూడవచ్చు. గుట్టు బయటపడగానే హెల్మర్ భార్యను నేరస్థురాలంటాడు, పిల్లల పెంపకానికి తగవంటాడు. అంతలో క్రోగ్‌స్టాడ్ మనసు మార్చుకుని ప్రోనోటు తిప్పి పంపుతాడు. కాగితం చూడగానే హెల్మర్ నోటి వెంట వచ్చే మొదటి మాట తాను బతికిపోయానన్న కేక. మరి నా సంగతో అని భార్య అడిగాక గానీ ఆమె కూడా బతికిందని ఆయనకు తోచదు. ఆ కాగితాన్ని పొయ్యిలో వేసి, క్షమించేశానంటాడు. చట్టం దృష్టిలో నేరం అక్కడితో బూడిదైంది. ఇంకో రచయిత అయితే తెర దించేవాడు. నోరా మాత్రం నాట్యం కోసం వేసుకున్న వేషం విప్పేసి, మామూలు దుస్తుల్లో వచ్చి, భర్తను బల్లకు అటువైపు కూర్చోమంటుంది. పెళ్ళై ఎనిమిదేళ్ళైనా ఇద్దరం ఒక్కసారి కూడా కూర్చుని గంభీరంగా మాట్లాడుకోలేదని గుర్తుచేస్తుంది. ఆ సంభాషణ ముగిశాక ఇల్లు విడిచి వెళ్ళిపోతుంది. ఎక్కడికి, ఎలా బతుకుతుంది, తిరిగొస్తుందా అన్నవాటికి నాటకంలో జవాబు లేదు.

ముగింపు మీద తగాదా

ఆ జవాబు లేకపోవడాన్ని మొదట సహించలేనిది జర్మనీ. 1880లో హెడ్‌విగ్ నీమన్-రాబే అనే ప్రసిద్ధ నటి, పిల్లల్ని వదిలిపోయే తల్లిగా తాను నటించనని పట్టుబట్టింది. ఇబ్సెన్ రచనలకు అక్కడ కాపీరైటు రక్షణ లేదు, ఎవరైనా ఏ మార్పైనా చేసుకోవచ్చు. పరాయి చేతుల్లో పడేకంటే తన చేత్తోనే మేలనుకుని ఆయన మరో ముగింపు రాసిచ్చాడు. అందులో హెల్మర్ నోరాను నిద్రపోతున్న పిల్లల గది ముందుకు లాక్కెళ్తాడు, ఆమె అక్కడే కూలబడిపోతుంది. ఆ ముగింపును ఆయనే ఒక అఘాయిత్యంగా వర్ణించాడు. ప్రేక్షకులకూ అది రుచించలేదు. త్వరలోనే అసలు ముగింపు వేదికకు తిరిగొచ్చింది. లండన్‌లోనూ 1884లో పూర్తిగా మెత్తబరిచిన అనుసరణ ఒకటి ఆడి మరుగునపడింది. మూలానికి కట్టుబడ్డ విలియం ఆర్చర్ అనువాదంతో 1889లో జానెట్ అచర్చ్ నోరాగా నిలిచాకే ఇంగ్లండులో ఇబ్సెన్ పేరు మోగింది.

1881 చివర్లో వచ్చిన 'ప్రేతాలు' నాటకానికి స్కాండినేవియా పెద్ద నాటకశాలలు తలుపులు మూసేశాయి. తండ్రి తిరుగుళ్ళ ఫలితంగా సంక్రమించిన రోగం, పరువు కోసం భార్య దాచిన జీవితం అందులోని వస్తువు. పుస్తక విక్రేతలు ప్రతులను తిప్పి పంపారు. దాని తొలి ప్రదర్శన 1882లో అట్లాంటిక్ అవతల, చికాగోలో, వలస వచ్చిన స్కాండినేవియన్ల మధ్య జరిగింది. తర్వాత బెర్లిన్‌లో ఫ్రయే బ్యూనె (1889), పారిస్‌లో ఆంత్వాన్ నడిపిన తియాత్ర్ లిబ్ర్ (1890), లండన్‌లో ఇండిపెండెంట్ థియేటర్ (1891) దాన్ని చేపట్టాయి. మూడూ సెన్సారును తప్పించుకోవడానికి సభ్యులకు మాత్రమే ప్రదర్శనలిచ్చిన చిన్న సంఘాలు. పెద్ద నాటకశాలలు వద్దన్నందువల్లే ఔత్సాహికులు ఒకచోట చేరారు. ఆధునిక రంగస్థలానికి పునాది వేసిన సంఘాల్లో చాలావాటి పుట్టుకలో ఇబ్సెన్ ఉన్నాడు.

ఆయనకోసం భాష నేర్చుకున్నవాళ్ళున్నారు. కార్ల్ మార్క్స్ కూతురు ఎలినార్ 1886లో లండన్‌లోని తన ఇంట్లో 'బొమ్మరిల్లు' పఠన ప్రదర్శన పెట్టి తాను నోరా పాత్ర చదివింది. క్రోగ్‌స్టాడ్ మాటలు చదివినవాడు బెర్నార్డ్ షా. తర్వాత ఆమె నార్వేజియన్ నేర్చుకుని 'ప్రజాశత్రువు'ను అనువదించింది. డబ్లిన్ కుర్రవాడు జేమ్స్ జాయిస్ 18 ఏళ్ళకే ఇబ్సెన్ మీద లండన్ పత్రికలో వ్యాసం రాశాడు. ఆయన్ని మూలంలో చదవాలని ఆ భాష పట్టుకున్నాడు.

టోక్యోలో నటి, పీకింగ్‌లో ప్రశ్న

జపాన్‌లో 1629 నుంచి ఆడవాళ్ళకు కబుకి వేదిక నిషిద్ధం. స్త్రీ పాత్రలు మగవాళ్ళే వేసేవారు. 1911లో ఆచార్యుడు త్సుబౌచి షోయో స్థాపించిన సాహిత్య సంఘం 'బొమ్మరిల్లు'ను ఆడినప్పుడు నోరాగా మత్సుయి సుమాకో అనే యువతి వేదిక మీదికి వచ్చింది. ఇల్లు దాటే స్త్రీ కథను వేదికకు దూరమైన స్త్రీ ఆడడంతో నాటకానికి ఇబ్సెన్ ఊహించని అర్థం తోడైంది. అదే ఏడు హిరత్సుకా రైచో మొదలైనవారు పెట్టిన స్త్రీల పత్రిక 'సెయితో' 1912 జనవరిలో నోరా మీద ప్రత్యేక చర్చ నడిపింది. అందులో రైచో నోరాను నెత్తినెత్తుకోలేదు. గడప దాటినంతలో స్వేచ్ఛ చేతికి రాదని హెచ్చరించింది.

చైనాలో ఆ చర్చ ఇంకా లోతుకు వెళ్ళింది. 1918 జూన్‌లో 'కొత్త యువత' పత్రిక ఇబ్సెన్ ప్రత్యేక సంచిక వేసింది. హూ షీ రాసిన 'ఇబ్సెనిజం' వ్యాసంతో పాటు 'బొమ్మరిల్లు' అనువాదమూ అందులో వచ్చింది. పెద్దలు కుదిర్చిన పెళ్ళి, జాతకాలు, వంశ నియమాల కింద నలుగుతున్న విద్యార్థులకు నోరా దాటి వెళ్ళిన తలుపు తమ తండ్రి ఇంటి తలుపుగా కనిపించింది. మరుసటి ఏడు హూ షీ అదే బాటలో ఒక చిన్న నాటిక రాశాడు. అందులో ఇల్లు విడిచేది భార్య కాదు, పెళ్ళికాని కూతురు. దాన్ని ఆడాలనుకున్న ఒక బాలికల పాఠశాలలో ఆ పాత్ర వేసే ధైర్యం ఎవరికీ లేకపోయిందని ఆయనే రాసుకున్నాడు.

1923 డిసెంబరు 26న పీకింగ్ మహిళా కళాశాల విద్యార్థినుల ముందు లూ షున్ ఒక ఉపన్యాసమిచ్చాడు. నోరా వెళ్ళిపోయాక ఏమవుతుందన్నది ఆయన విషయం. ఆమె చేతిసంచిలో ఏముంది? డబ్బు లేకపోతే ఆమెకు మిగిలేవి రెండే దారులు: చెడిపోవడం, లేదా ఇంటికి తిరిగి రావడం. ఇంట్లో ఆస్తి పంపకం, సమాజంలో సంపాదించే హక్కు లేకుండా గడప దాటడం గురించి మాట్లాడడం పిల్లలకు కలలమ్మడమే అన్నది ఆయన వాదన. రెండేళ్ళ తర్వాత అదే ఆలోచనను 'గతానికి చింతిస్తూ' అన్న కథగా మలిచాడు. ఇబ్సెన్ గురించి మాట్లాడుకుంటూ ప్రేమలో పడి ఇల్లు విడిచిన ఒక జంటను అందులో పేదరికం తినేస్తుంది. నార్వే రచయిత ఖాళీగా వదిలిన చోటును చైనా రచయిత ఇలా పూరించాడు. ఇబ్సెన్‌కు దక్కిన విమర్శల్లో ఇంత నిశితమైనవి అరుదు. ఇరానియన్ దర్శకుడు దారియూష్ మెహ్ర్‌జూయీ 1993లో తీసిన 'సారా' చిత్రం ఆ ప్రశ్నకు మరో వైపు నుంచి వచ్చింది. అప్పు తీర్చడానికి రాత్రుళ్ళు పెళ్ళి దుస్తులకు కుట్టుపని చేసే ఆ ఇల్లాలు తన కళ్ళనే తాకట్టు పెడుతుంది.

నీళ్ళలో విషం

'ప్రేతాలు' మీద పడిన తిట్లకు ఇబ్సెన్ బదులు 1882 నాటి 'ప్రజాశత్రువు'. స్నానశాలల మీద ఆదాయం సంపాదించే ఒక పట్టణంలో ఆ నీళ్ళు కలుషితమయ్యాయని డాక్టర్ స్టాక్‌మన్ కనిపెడతాడు. పట్టణాధికారి అయిన సొంత అన్న, పత్రిక, ఇళ్ళ యజమానులు అందరూ ఒక్కటై ఆయన్నే ప్రజల శత్రువుగా తీర్మానిస్తారు.

1901లో మాస్కో ఆర్ట్ థియేటర్ దీన్ని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఆడుతున్న రోజునే కజాన్ కూడలిలో విద్యార్థుల ప్రదర్శనను పోలీసులు చితగ్గొట్టారు. ఆఖరి అంకంలో చిరిగిన దుస్తులు చూసుకుని, స్వాతంత్ర్యం కోసం పోరాడేటప్పుడు కొత్త బట్టలు వేసుకోకూడదని స్టాక్‌మన్ అంటాడు. ఆ మాటకు హాలు దద్దరిల్లింది. జనం వేదిక దగ్గరకు తోసుకొచ్చి నటుడి చేతులు పట్టుకున్నారని, ఆ పాత్ర వేసిన స్టానిస్లావ్‌స్కీ తన ఆత్మకథలో రాశాడు.

బెంగాల్‌లో శంభు మిత్ర నడిపిన బహురూపీ సంస్థ 1952లో ఈ నాటకాన్ని 'దశచక్ర'గా, 1958లో 'బొమ్మరిల్లు'ను 'పుతుల్ ఖేలా'గా తెచ్చింది. 1989లో సత్యజిత్ రాయ్ తీసిన 'గణశత్రు'లో స్నానశాల స్థానంలో గుడి ఉంది, కలుషితమైనది భక్తులు తీసుకునే చరణామృతం. ఆ ఒక్క మార్పుతో వైద్యుడు తలపడవలసింది వ్యాపారంతో పాటు విశ్వాసంతో కూడా అయింది. బెర్లిన్ దర్శకుడు థామస్ ఓస్టర్‌మయర్ 2012లో నాలుగో అంకం బహిరంగసభను నిజమైన చర్చగా మార్చి ప్రేక్షకులకు మాట అప్పగించాడు. 2018లో ఆ ప్రదర్శన బీజింగ్ వెళ్ళినప్పుడు ప్రేక్షకులు తమ పాలకుల గురించి నిర్భయంగా మాట్లాడారు. తర్వాత నాన్‌జింగ్‌లో జరగవలసిన ప్రదర్శనలు రద్దయ్యాయి. రాసిన 136 ఏళ్ళకు కూడా ఒక నాటకం ఆపాల్సినంత ప్రమాదంగా కనిపించడం దాని ప్రాణశక్తికి గట్టి సాక్ష్యం.

మన వేదిక మీద

తెలుగు నాటకానికి ఈ గాలి ఒక న్యాయవాది ద్వారా సోకింది. తర్వాతి కాలంలో మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి, సంగీత నాటక అకాడమీ తొలి అధ్యక్షుడు అయిన పాకాల వెంకట రాజమన్నారు రాసిన 'తప్పెవరిది'లో ఇబ్సెన్ ప్రభావాన్ని సాహిత్య చరిత్రకారులు గుర్తించారు. పురాణ గాథలు, పద్యాల రాగాలు ఏలుతున్న రోజుల్లో అది సంసారంలోని గొడవను మామూలు వచనంలో వేదిక మీద పెట్టింది. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని వాదించిన బళ్ళారి రాఘవ దాన్ని ఆడించాడు. టోక్యోలో లాగే ఇక్కడా కొత్త నాటకమూ, వేదికెక్కే స్త్రీ హక్కూ జంటగా నడిచాయి.

ఇవాళ తెలుగు పల్లెల్లో నోరా ప్రశ్న తలకిందులై నిలిచింది. డ్వాక్రా సంఘాల్లో అప్పు పత్రం మీద సంతకం పెట్టేది స్త్రీయే, వాయిదా కట్టే పూచీ కూడా ఆమెదే. అయితే ఆ డబ్బు ఏ పనికి వెళ్ళాలో తేల్చే మాట ప్రతి ఇంట్లోనూ ఆమెదేనా? సంతకం హక్కు లేని నోరాను ఇబ్సెన్ రాశాడు. సంతకం మాత్రమే తనదైన నోరాను తెలుగు నాటకం రాసుకోవాలి.

తీర్పు ఎవరిది?

1884లో ఇబ్సెన్ వివాహితల ఆస్తి హక్కు కోసం ఇచ్చిన వినతిపత్రం మీద మరికొందరు రచయితలతో కలిసి సంతకం చేశాడు. 1888లో నార్వేలో వివాహితలకు సొంత ఆర్థిక వ్యవహారాల అధికారం దక్కింది. అయినా 1898 మే 26న నార్వే మహిళా హక్కుల సంఘం చేసిన సన్మానంలో, తాను ఉద్యమం కోసం పనిగట్టుకుని రాయలేదని, మనుషుల్ని చిత్రించడమే తన పని అని చెప్పాడు. ఈ రెండింటిలో వైరుధ్యం లేదు. పౌరుడిగా ఆయన తీర్పు చెప్పాడు. నాటకకర్తగా ఆ తీర్పును ప్రేక్షకులకు వదిలేశాడు.

నోరాను నేరస్థురాలిని చేసిన చట్టం చాలా దేశాల్లో పోయింది. నేడు ఆమె బ్యాంకుకు వెళ్ళి సొంత పేరు మీద అప్పు తీసుకోగలదు. కేవలం చట్టం మీద ఫిర్యాదే అయితే ఆ నాటకం చట్టంతో పాటే గతించేది. కాగితం తిరిగొచ్చి ప్రమాదం తప్పిన తర్వాత కూడా నోరా లేచి వెళ్ళిపోవడంలో దాని ఆయువు ఉంది. చట్టం సర్దుకున్నా మనుషుల మధ్య లెక్క తేలలేదని అక్కడ తెలుస్తుంది. ఆ లెక్కను జర్మన్ నటి ఒకలా, రైచో ఒకలా, లూ షున్ మరోలా తేల్చారు. ఒక్కరూ రచయితకు విధేయంగా తలూపలేదు, చాలామంది ఆయనతో పోట్లాడారు. క్లాసిక్ అన్న బిరుదు ఇచ్చి దణ్ణం పెట్టి పక్కన ఉంచిన రచయితలు గ్రంథాలయాల్లో మిగులుతారు. తరతరానికీ మళ్ళీ తగాదా పెట్టుకోవాలనిపించే రచయితలు వేదిక మీద మిగులుతారు. ఇబ్సెన్ రెండో కోవకు చెందినవాడు. ఆయన్ని గౌరవించే సరైన పద్ధతి ఆయన వదిలిన ప్రశ్నకు మన తరం జవాబును మన భాషలో, మన వేదిక మీద చెప్పడం.